తనిఖీదారు మాట తీర్పు కాదు

'దారిలో స్క్వాడ్ వాళ్లు ఎక్కారు. నా మీద కేసు రాశారు' అని ఇంటి పెద్ద గుమ్మంలో చెప్పులు విడుస్తూ అన్న ఒక్క మాట ఎన్ని కుటుంబాలను తలకిందులు చేసిందో లెక్కలేదు. బస్సు కండక్టర్లు, గోదాము గుమాస్తాలు, బ్యాంకు ప్యూన్లు, మందుల కంపెనీల్లో ప్యాకింగ్ పని చేసేవారు, ఇప్పుడు మాదాపూర్ అద్దాల మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటున్న మన పిల్లలు - వీరిలో ఎవరికైనా ఏదో ఒక రోజు తనిఖీ అధికారి ఎదురు కావచ్చు. ఒకచోట ఆయన చెకింగ్ ఇన్‌స్పెక్టర్, మరోచోట విజిలెన్స్ ఆఫీసర్, ఇంకోచోట సెక్యూరిటీ మేనేజర్. పేరేదైనా ఆయన పని ఒక్కటే. చూసింది, విన్నది కాగితం మీద పెట్టి పై అధికారికి పంపడం.

అంతవరకే ఆయన అధికారం. నేరం నిర్ణయించడం ఆయన పని కాదు, శిక్ష వేయడం అసలే కాదు. ఇంత చిన్న విషయం మన ఇళ్లలో తెలియకపోవడం వల్ల ఎంత నష్టం జరుగుతోందో చెప్పలేం. ఆయన రాసిన కాగితాన్నే తీర్పుగా భావించి, జవాబు చెప్పవలసిన చోట చేతులు జోడించి, చదవవలసిన చోట కళ్లు మూసుకుని సంతకం పెట్టి, ఆ తర్వాత ఎమ్మెల్యే గారి ఇంటి ముందు సిఫారసు ఉత్తరం కోసం పడిగాపులు పడుతున్నాం.

కండక్టర్ ఉదాహరణే తీసుకుందాం. ఆర్టీసీ జీతంతో పిల్లలను చదివించుకున్న కుటుంబాలు మనలో తక్కువేమీ కాదు. సంత రోజు పల్లె బస్సు. కోళ్ల గంపలు, బియ్యం మూటలు, కాలు పెట్టడానికి చోటులేనంత జనం. ఒక స్టేజీకీ మరో స్టేజీకీ మధ్య నాలుగు నిమిషాల ప్రయాణం. వెనక తలుపు దగ్గర ఎక్కినవారికి టికెట్లు కొడుతూ ముందుకు వస్తున్నంతలో బస్సు ఆగుతుంది, ఇద్దరు అధికారులు ఎక్కుతారు. ఒక ముసలావిడ దగ్గర టికెట్ లేదు. డబ్బు ఇచ్చానని ఆమె అంటుంది. ఇంకా తీసుకోలేదని కండక్టర్ అంటాడు. ఎవరి మాట నిజమో ఆ క్షణాన అల్లాహ్‌కే తెలియాలి.

అధికారులు సంచిలో నగదు లెక్కిస్తారు, టికెట్ మిషన్ చూస్తారు, ముసలావిడ చెప్పింది రాసుకుని వేలిముద్ర వేయిస్తారు. తర్వాత ఒక కాగితం కండక్టర్ చేతికిచ్చి, 'నీ సంజాయిషీ ఇక్కడే రాయి' అంటారు. ఆలస్యమైపోతోందని జనం అరుస్తుంటారు. డ్రైవర్ ఇంజిన్ ఆపడు. 'పొరపాటైంది, ఈసారికి క్షమించండి అని రాసెయ్యి, చిన్న కేసుగా పోతుంది' అని ఎవరో ఒకరు పక్కనుంచి సలహా ఇస్తారు. ఆ సలహా ఇచ్చినవారు తర్వాత విచారణలో కనిపించరు. ఆ కాగితం మాత్రం కనిపిస్తుంది.

ఇక్కడ మన చదువుకున్నవారికి కూడా తెలియని సంగతి ఒకటుంది. పోలీసు అధికారి ముందు నేరం ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు కోర్టులో నిందితుడికి వ్యతిరేకంగా రుజువు కాదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా అదే చెబుతోంది. నిందితుణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20వ అధికరణం హామీ ఇస్తోంది. కానీ ఈ రక్షణలన్నీ నేర విచారణకే. డిపోలోనో ఫ్యాక్టరీలోనో జరిగే శాఖాపరమైన విచారణకు ఇవి వర్తించవు. అంటే లాఠీ పట్టుకున్న పోలీసు ముందు చెప్పిన మాట కన్నా, పెన్ను పట్టుకున్న చెకింగ్ ఇన్‌స్పెక్టర్ ముందు రాసిన మాట మనిషిని ఎక్కువగా కట్టిపడేస్తుంది. విచిత్రంగా ఉన్నా వాస్తవం ఇదే.

కనుక ఆ పది నిమిషాలే కీలకం. సంజాయిషీ రాయను అని మొండికేయడం తెలివి కాదు, అదే మరో ఆరోపణ అవుతుంది. రాయాలి. కానీ జరిగింది రాయాలి. బస్సులో ఎంతమంది ఉన్నారు, ఏ స్టేజీ దాటారు, తాను ఎన్నో సీటు దగ్గర టికెట్లు ఇస్తున్నాడు, ఆ ప్రయాణికురాలు ఎక్కడ ఎక్కింది, ఆమె దగ్గర డబ్బు తీసుకున్నాడా లేదా - ఇవి తనకు వచ్చిన భాషలో, తన చేతిరాతతో రాయాలి. 'క్షమించండి' అనే మాట మన సంస్కారంలో వినయం. ఫైలులో అది నేరాంగీకారం. ఇంగ్లీషులో ముందే టైపు చేసిన కాగితం మీద సంతకం పెట్టమంటే, చదివి వినిపించమని అడగాలి, ప్రతి కావాలని అడగాలి. భయపెట్టి రాయించుకున్నారా? ఆ రోజే, కాకుంటే మర్నాడే, డిపో మేనేజర్‌కు ఆ సంగతి రాసి అందినట్లు ముద్ర వేయించుకోవాలి. మూడు నెలల తర్వాత విచారణలో 'అప్పుడు బలవంతంగా రాయించారు' అంటే వినే చెవులు తక్కువ.

అసలు ఒప్పుకోకపోతే ఏమవుతుంది, ముసలావిడను విచారణకు తీసుకురాకుండా ఉద్యోగం ఎలా తీసేస్తారు అని కొందరు ధీమాగా ఉంటారు. ఆ ధీమా కూడా పనికిరాదు. 1977లో సుప్రీంకోర్టు ముందుకు హర్యానా బస్సు కండక్టర్ కేసు ఒకటి వచ్చింది. స్క్వాడ్ తనిఖీలో 11 మంది టికెట్ లేకుండా దొరికారు, చార్జీ ఇచ్చామన్నారు. వాంగ్మూలం రాసివ్వడానికి మాత్రం ఒప్పుకోలేదు. విచారణలో ఆ 11 మందిలో ఒక్కరినీ ప్రశ్నించలేదు. అదే బస్సులో ఉన్న మరో ఉద్యోగి కండక్టర్‌కు అనుకూలంగా చెప్పాడు. కింది కోర్టులన్నీ ఉద్యోగం తీసేయడం చెల్లదన్నాయి. సుప్రీంకోర్టు మాత్రం ఆ తీర్పులను కొట్టివేసింది. శాఖాపరమైన విచారణలో సాక్ష్య చట్టం నియమాలన్నీ తు.చ. తప్పక పాటించనక్కరలేదనీ, ఎంతో కొంత నమ్మదగిన ఆధారం ఉంటే చాలనీ చెప్పింది. స్క్వాడ్ ఇన్‌స్పెక్టర్ సాక్ష్యమే ఆ ఆధారమైంది.

ఈ తీర్పు రాసింది కార్మిక పక్షపాతిగా పేరొందిన జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ అన్నది గుర్తుంచుకోవలసిన విషయం. ఆయనకు కార్మికుల మీద కోపం లేదు. ఎక్కడెక్కడో దిగిపోయిన ప్రయాణికులను వెతికి తీసుకురావడం ఏ సంస్థకూ అయ్యే పని కాదన్నది ఆయన చూసిన లోకరీతి. ఈ వాదనలో బలం లేకపోలేదు. కానీ దాని బరువంతా కండక్టర్ మీద పడిందని కూడా చెప్పక తప్పదు. పట్టుకున్నవాడే ముఖ్య సాక్షి అయినప్పుడు ఉద్యోగికి మిగిలేది ఒక్కటే - విచారణ పద్ధతి. ఆ పద్ధతిని అక్షరాలా అడిగి తీసుకోవాలి.

అడగడానికి కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. 1963లోనే సుర్ ఎనామెల్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని స్పష్టం చేసింది. ఆరోపణ ఏమిటో ఉద్యోగికి స్పష్టంగా తెలియజేయాలి. సాక్షులను సాధారణంగా అతని ఎదుటే విచారించాలి. వారిని ప్రశ్నించే అవకాశం అతనికి ఇవ్వాలి. తన సాక్షులను తెచ్చుకునే, తన మాట చెప్పుకునే అవకాశం ఉండాలి. విచారణాధికారి తన నిర్ణయాన్ని కారణాలతో సహా నమోదు చేయాలి. ఇందులో మూడవది, అంటే సాక్షిని ప్రశ్నించడం, మనవాళ్లు ఎక్కువగా వదిలేసే హక్కు. 'పెద్దాయన్ని ఎలా ప్రశ్నిస్తాం?' అనే మొహమాటం. ఆ పెద్దాయన ఆ కుర్చీలో అధికారి కాదు, సాక్షి. మీరు బస్సెక్కినప్పుడు కండక్టర్ ఎక్కడ ఉన్నాడు? చేతిలో మిషన్ ఉందా? ప్రయాణికురాలు చెప్పింది రాసింది ఎవరు? ఆమెకు చదువు వచ్చా? చదివి వినిపించారా? నగదు లెక్కిస్తే ఎక్కువ వచ్చిందా, తక్కువ వచ్చిందా, సరిపోయిందా? ఇలాంటి పది ప్రశ్నలు ముందురోజు రాత్రే రాసుకుని వెళ్లాలి. అవసరమైతే యూనియన్ మిత్రుణ్ణో తోటి ఉద్యోగినో సహాయకుడిగా అడగాలి. యాజమాన్యం తన తరఫున చట్టం తెలిసినవాణ్ణి కూర్చోబెడితే ఉద్యోగికి కూడా న్యాయవాదిని అనుమతించాలని 1983లో బొంబాయి పోర్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆరోపించినవాడే తీర్పరి కారాదన్న సూత్రానికి మన దేశంలో తరచు ఉదహరించే కేసుల్లో ఒకటి ఉత్తరప్రదేశ్ పోలీసు శాఖలోని ఒక ముస్లిం ఉద్యోగిది కావడం మన పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. చట్ట పుస్తకాల్లో అది మహమ్మద్ నూహ్ కేసు. విచారణ జరుపుతున్న పోలీసు అధికారికి ఒక సాక్షి ఎదురు తిరిగాడు. వెంటనే ఆ అధికారి తన కుర్చీ దిగి తానే సాక్ష్యం చెప్పాడు. చెప్పి మళ్లీ అదే కుర్చీలో కూర్చుని, తన సాక్ష్యాన్ని తానే నమ్మి, ఆ ఉద్యోగిని డిస్మిస్ చేశాడు. ఇది సహజ న్యాయానికి పూర్తిగా విరుద్ధమని 1957లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. అయినా ఆ ఉద్యోగి గెలవలేదు. డిస్మిస్ ఉత్తర్వు వచ్చింది 1948లో. హైకోర్టుకు రిట్ అధికారం ఇచ్చిన రాజ్యాంగం అమలైంది 1950లో. వెనకటి ఉత్తర్వును ఆ అధికారంతో ముట్టుకోలేమని కోర్టు అనేసింది. ఆయన పేరు మీద తర్వాతి తరాలు గెలుస్తున్నాయి, ఆయన ఇంటికి మాత్రం ఉద్యోగం తిరిగి రాలేదు. హక్కు ఉండటం వేరు, అది మన సమయానికి అందడం వేరు.

ఇక కాగితాల సంగతి. విచారణాధికారి ముందు ఫైలు పెట్టి 'ఇదిగో రుజువు' అంటే సరిపోతుందా? సరిపోదు. పంజాబ్ నేషనల్ బ్యాంకులో ఒక ప్యూన్‌పై డ్రాఫ్టులు దొంగిలించాడన్న ఆరోపణ వచ్చింది. పోలీసుల ముందు ఒప్పుకున్నాడన్న కాగితాన్నే విచారణలో ప్రధాన ఆధారం చేసుకున్నారు. ఆ కాగితంలో ఉన్నది నిజమని చెప్పే సాక్షిని పెట్టలేదు. కాగితం దాఖలు చేసినంత మాత్రాన అందులోని విషయం రుజువైనట్లు కాదని, అనుమానం ఎంత బలంగా ఉన్నా రుజువు స్థానంలోకి రాదని 2008లో సుప్రీంకోర్టు ఆ డిస్మిస్‌ను కొట్టివేసింది. 1977 తీర్పు చూసి నిరాశపడినవారు ఈ తీర్పును పక్కన పెట్టుకుని చదవాలి. తక్కువ ఆధారం చాలు అంటే ఆధారమే లేకపోయినా చాలు అని అర్థం కాదు.

సస్పెన్షన్ గురించి కొంచెం విపులంగా చెప్పుకోవాలి. ఇంటి మీద అసలు దెబ్బ పడేది ఇక్కడే. సస్పెన్షన్ శిక్ష కాదు, విచారణ పూర్తయ్యేవరకు పక్కన ఉంచడం మాత్రమే అని చట్టం అంటుంది. కిరాణా కొట్టువాడు అలా అనడు. బాకీ పుస్తకం మూసేస్తాడు. అందుకే ఆ కాలంలో ఇచ్చే జీవన భృతి దయ కాదు, హక్కు. ఒకప్పుడు బొంబాయి సివిల్ సర్వీసు నియమాల్లో ఒక వింత ఉండేది. కింది కోర్టులో శిక్షపడి, అప్పీలు పెండింగులో ఉన్న సస్పెండైన ఉద్యోగికి నెలకు 1 రూపాయి భృతి! 1983లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను రద్దు చేసింది. రూపాయితో మనిషి బతకడని చెప్పడానికి దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లవలసి వచ్చింది!

తెలుగువారు ఎన్నో తరాలుగా పనిచేసిన కోలార్ బంగారు గనుల్లో ఒక సెక్యూరిటీ అధికారి కథ ఇంకా బాధాకరం. అతని ఇంట్లో పోలీసులు సోదా చేసి కొద్దిపాటి బంగారం, బంగారం కలిసిన ఇసుక దొరికాయన్నారు. 1985లో సస్పెండ్ చేశారు. భృతి ఇవ్వలేదు. చేతిలో పైసా లేక అతను కేరళలోని స్వస్థలానికి వెళ్లిపోయాడు. అక్కడినుంచి విచారణకు రావడానికి డబ్బు లేదు, ఆరోగ్యం లేదు. రాలేదు కనుక అతను లేకుండానే విచారణ ముగించి 1986లో ఉద్యోగం తీసేశారు. మర్నాటి ఏడాది క్రిమినల్ కోర్టు అదే సోదా రుజువు కాలేదని అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. అయినా ఉద్యోగం ఇవ్వలేదు. 1999లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. భృతి ఇవ్వకుండా, అతను రాలేని స్థితి కల్పించి, రాలేదని నిర్ణయించడం జీవించే హక్కుకే విరుద్ధమన్నది. 1985 నుంచి 1999 దాకా ఆ ఇంట్లో ఎన్ని పండుగలు ఎలా గడిచి ఉంటాయో పాఠకులే ఊహించుకోవచ్చు.

క్రిమినల్ కోర్టులో కేసు కొట్టేస్తే ఉద్యోగం దానంతట అదే తిరిగి వస్తుందని మాత్రం ఈ కథను బట్టి అనుకోకూడదు. రెండూ వేర్వేరు దారులు. కోలార్ కేసులో రెండు చోట్లా ఒకే సోదా, ఒకే సాక్షులు కాబట్టి కోర్టు అలా చెప్పింది.

ఇప్పటి చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి యూనియన్ నాయకుల నోట విన్న 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం పోయి, వాటి స్థానంలో పారిశ్రామిక సంబంధాల స్మృతి-2020 వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అది అమలులో ఉంది. సస్పెండైన కార్మికుడికి మొదటి 90 రోజులు వేతనంలో 50 శాతం, తర్వాత ఆలస్యం అతనివల్ల కాకపోతే 75 శాతం భృతి ఇవ్వాలన్న పాత నియమం అందులోనూ ఉంది. విచారణ మామూలుగా సస్పెన్షన్ నాటి నుంచి 90 రోజుల్లో ముగించాలని కొత్తగా చేర్చారు. అది మంచిదే. కానీ ఈ అధ్యాయం 300 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తిస్తుంది. పాత కేంద్ర చట్టంలో ఆ సంఖ్య 100. అంటే 250 మంది పనిచేసే మిల్లులో సస్పెండైన మన సోదరుడికి నిన్నటిదాకా ఉన్న గొడుగు నేడు లేదు. ఆకలికి మిల్లు పెద్దదా చిన్నదా అన్న తేడా ఉంటుందా? ఈ విషయంలో మన ప్రజాప్రతినిధులు నోరు విప్పవలసి ఉంది. ఒక్కో కండక్టర్ కోసం ఒక్కో సిఫారసు ఉత్తరం రాయడం కన్నా ఈ సంఖ్య గురించి శాసనసభలో ఒక ప్రశ్న వేయడం మేలు.

సిఫారసు మాట వచ్చింది కనుక నిష్ఠూరమైనా చెప్పాలి. చార్జిషీట్ అందగానే మన ఇళ్లలో మొదట జరిగేది జవాబు రాయడం కాదు, 'అక్కడ మనవాళ్లు ఎవరున్నారు' అని వెతకడం. మామ తోడల్లుడి స్నేహితుడు బస్ భవన్‌లో ఉంటాడు, వార్డు నాయకుడికి డిపో మేనేజర్ తెలుసు. ఈ తిరుగుళ్లలో జవాబు గడువు దాటిపోతుంది. కొందరైతే రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చిందని పోస్ట్‌మ్యాన్ చెబితే తీసుకోకుండా తిప్పి పంపిస్తారు. తీసుకోకపోతే అందనట్లేనని భ్రమ. తిరస్కరించిన ఉత్తరాన్ని అందినట్లే భావిస్తారు. మీరు లేకుండానే విచారణ సాగిపోతుంది. అప్పుడు స్క్వాడ్ కాగితానికి ఎదురు కాగితమే ఉండదు. సిఫారసు చేసిన పెద్దమనిషి మాట ఫైలులోకి ఎక్కదు. మీ జవాబు ఎక్కుతుంది.

ఉద్యోగం పోకముందే మనిషిని ఊరు తీసేస్తుందన్నది మరో బాధ. 'పట్టుబడ్డాడట' అన్న మాట జుమా నమాజు ముగిసి చెప్పులు వేసుకునేలోగా నాలుగు వీధులు దాటుతుంది. ఎంతకు పట్టుబడ్డాడు, ఎవరు చెప్పారు, విచారణ అయిందా అని అడిగేవారుండరు. కూతురి సంబంధం మాట్లాడుతున్నవారు ఫోన్ ఎత్తడం మానేస్తారు. ఆ అవమానంతో ఆ మనిషి ఇల్లు కదలడు, విచారణకు పోడు, యూనియన్ ఆఫీసు మెట్లెక్కడు. స్క్వాడ్ రాసింది ఒక కాగితం, మనం రాసింది పది. ఆరోపణ ఎదుర్కొంటున్నవాడికి విచారణ రోజున తోడుగా డిపో గేటు దాకా వెళ్లే బావమరిది ఒక్కడున్నా చాలు, మనిషి నిలబడతాడు.

ఇదంతా చదివి, తప్పు చేసినవారిని వెనకేసుకొస్తున్నామని ఎవరూ అనుకోనక్కరలేదు. ప్రయాణికుడు ఇచ్చిన చిల్లర అమానత్. దాన్ని జేబులో వేసుకోవడం చిన్న విషయం కాదు. కోర్టులు కూడా మొత్తం చూడటం లేదు. 2005లో కర్ణాటక ఆర్టీసీ కండక్టర్ కేసులో దొరికిన లెక్కలేని డబ్బు వంద రూపాయల లోపే అయినా, పోయింది డబ్బు కాదు నమ్మకమని సుప్రీంకోర్టు ఉద్యోగం తీసేయడాన్ని సమర్థించింది. 'ఇరవై రూపాయలకు ఉద్యోగం తీస్తారా' అనే వాదన చెల్లే రోజులు పోయాయి. అందుకే రుజువు విషయంలో పట్టుదల మరింత అవసరం. శిక్ష ఎంత కఠినమో విచారణ అంత నిక్కచ్చిగా ఉండాలి. తప్పు చేసినవాడికీ ఆ విచారణ హక్కే.

ప్రైవేటు కంపెనీల్లో తంతు వేరుగా ఉంటుంది. అక్కడ చార్జిషీట్ దాకా పోనివ్వరు. పిల్లవాణ్ణి ఒక గదిలో కూర్చోబెడతారు, ఫోన్ బయట పెట్టమంటారు, ల్యాప్‌టాప్ తీసుకుంటారు. 'ఇప్పుడే రాజీనామా ఇస్తే మంచి సర్టిఫికెట్, లేదంటే డిస్మిస్. నీ ఇష్టం' అంటారు. ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా రాజీనామా రాసి వస్తాడు. తానుగా రాసిచ్చిన రాజీనామాను బలవంతంగా రాయించుకున్నారని తర్వాత రుజువు చేసే భారం అతనిదే. డిస్మిస్ చేస్తే కారణం చూపవలసిన భారం కంపెనీది. ఈ తేడా ఆ గదిలో ఎవరూ చెప్పరు. 'ఆలోచించుకుని రేపు రాతపూర్వకంగా చెబుతాను' అనే హక్కు అతనికి ఉంది, ఆ మాట అనగలిగే ధైర్యం ఇంటినుంచి రావాలి. మేనేజర్ హోదా ఉన్నవారూ, నెలకు 18,000 రూపాయలకు మించి జీతం పొందే సూపర్‌వైజర్లూ కొత్త స్మృతిలో కార్మికుల నిర్వచనం కిందికి రారు. కాబట్టి అలాంటివారు నియామక పత్రంలోని షరతులను ముందే చదివి ఉంచుకోవడం మంచిది.

గల్ఫ్‌లో ఉన్నవారి మాట మరచిపోకూడదు. రియాద్‌లోనో దమ్మామ్‌లోనో గోదాములో సరుకు తగ్గిందని స్టోర్‌కీపర్‌ను అనుమానిస్తే అతనికి హక్కులే ఉండవని ఇక్కడ అనుకుంటాం. 2005 నాటి సౌదీ కార్మిక చట్టం అలా చెప్పడం లేదు. ఆరోపణను రాతపూర్వకంగా తెలియజేసి, విచారించి, అతని వాదన విని, దాన్ని నమోదు చేసి ఫైలులో పెట్టకుండా క్రమశిక్షణ చర్య తీసుకోరాదని 71వ అధికరణం అంటోంది. తప్పు బయటపడి 30 రోజులు దాటిన తర్వాత దాన్ని ఎత్తిచూపి ఆరోపించరాదని 69వ అధికరణం అంటోంది. అక్కడ ప్రమాదం చట్టంలో కన్నా భాషలో ఉంది. విచారణ కాగితం అరబీలో ఉంటుంది. ఖుర్ఆన్ పారాయణం వచ్చినంత మాత్రాన ఆఫీసు అరబీ అర్థం కాదు. అర్థం కాని కాగితం మీద 'నాకు ఇది చదివి వినిపించలేదు' అని తెలుగులోనో ఉర్దూలోనో ఒక వాక్యం రాసి కింద సంతకం పెట్టడం ఎవరూ ఆపలేరు. ఆ పేజీకి ఫోన్‌లో ఫోటో తీసి ఇంటికి పంపడం ఇంకా మంచిది.

మళ్లీ మన డిపోకు వద్దాం. విచారణ ముగిసింది, విచారణాధికారి నివేదిక ఇచ్చాడు. అంతటితో ఉత్తర్వు ఇచ్చేయవచ్చా? లేదు. ఆ నివేదిక ప్రతి ఉద్యోగికి ఇచ్చి, దానిమీద అతను చెప్పుకునేది విన్న తర్వాతే శిక్షించే అధికారి నిర్ణయం తీసుకోవాలి. 1990 నవంబర్ 20న మహమ్మద్ రంజాన్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పింది. 1993లో మన హైదరాబాద్ ఇ.సి.ఐ.ఎల్. కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని స్థిరపరచి, ప్రభుత్వ సంస్థలకే కాక ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుందని స్పష్టం చేసింది. మన నగరంలో, మన ఇసిఐఎల్ చౌరస్తా దగ్గరి ఫ్యాక్టరీ పేరు మీద వచ్చిన హక్కు ఇది. దేశంలో ఏ మూల ఉద్యోగి అయినా దాన్ని ఉదహరిస్తాడు. ఇక్కడి కండక్టర్‌కు మాత్రం తరచు తెలియదు. నివేదిక చేతికి రాగానే అది ఎక్కడ సాక్ష్యాన్ని వదిలేసిందో, ఎక్కడ అడగని ప్రశ్నకు జవాబు రాసిందో చూపుతూ జవాబు ఇవ్వాలి. చాలామంది ఈ మెట్టు దగ్గరే అలసిపోయి 'ఇక వాళ్ల ఇష్టం' అంటారు.

తొలగింపు ఉత్తర్వు వచ్చిన తర్వాత కూడా దారులు ఉన్నాయి. ముందు సంస్థలోనే అప్పీలు, రివ్యూ. తర్వాత కార్మిక శాఖ రాజీ అధికారి దగ్గరికి, అక్కడ తేలకపోతే పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు. శిక్ష తప్పుకు మించినదని తోస్తే దాన్ని తగ్గించే అధికారం 1971 నుంచీ లేబర్ కోర్టులకు ఉండేది, కొత్త స్మృతిలో అది ట్రిబ్యునల్‌కు దక్కింది. గడువు మాత్రం తగ్గింది. పాత చట్టంలో కార్మికుడు నేరుగా కోర్టుకు వెళ్లడానికి 3 ఏళ్లు ఉండేది. ఇప్పుడు వివాదం మొదలైన నాటి నుంచి 2 ఏళ్లు దాటితే రాజీ అధికారి దాన్ని చేపట్టడు. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ప్రజా రవాణా శాఖలో చేరారు కనుక తమకు ఏ దారి వర్తిస్తుందో వారు ముందే న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి. రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునళ్లు రెండు చోట్లా రద్దయ్యాయి, ప్రభుత్వోద్యోగులు ఇప్పుడు వెళ్లేది హైకోర్టుకే.

ఏ న్యాయవాది దగ్గరికి వెళ్లినా ఆయన మొదట అడిగేది ఆ రోజు బస్సులో రాసిచ్చిన సంజాయిషీ ప్రతి. తర్వాత చార్జిషీట్, దానికి ఇచ్చిన జవాబు, విచారణ రోజుల నకళ్లు, భృతి కోసం పెట్టుకున్న దరఖాస్తులు, నివేదిక, తేదీ ముద్రతో సహా వచ్చిన కవర్లు. ఇల్లాలు బీరువాలో పెళ్లి నగల పక్కన ఒక సంచి ఈ కాగితాలకు కేటాయిస్తే, ఆ పూట ఆ సంచి తీసి ఆయన ముందు పెట్టవచ్చు.